పేరు చెబితే తెరుచుకునే వాకిలి

జగిత్యాల,
శ్రావణమాసం, ఆదివారం.

వదినకు,

నేను ఇక్కడ బాగున్నానని రాస్తే నువ్వు నమ్మవు, అందుకే రాయడం లేదు. హాస్టల్లో చేరిన రోజే ఫోన్ తీసుకుని వార్డెన్ తన బీరువాలో పెట్టేసింది. ఆదివారం ఒక్కటే మాట్లాడనిస్తారు, అదీ ఆమె ఎదుటే, వెనక వరసలో పదిమంది అమ్మాయిలు నిలబడి వింటుండగా. "తిన్నవా? అమ్మ మంచిగున్నదా?" అని తప్ప ఏం మాట్లాడతాం? మన రాజక్క ప్రతి మంగళవారం సిరిసిల్ల నుంచి చీరెల మూట వేసుకుని ఇక్కడికి వస్తుంది కదా. ఉత్తరాలు ఆమె చేతికిద్దాం. ఈ కోచింగ్ అయిపోయి పరీక్ష రాసేదాకా మనకు ఇదే దారి.

ఇక అసలు సంగతి. మన "మా వాడ" సర్వర్‌ని నీ చేతుల్లో పెట్టి వచ్చాను. ఆటే కదా అని తేలిగ్గా తీసుకోకు. గల్ఫ్ క్యాంపులో అన్న గదిలో ఎనిమిది మంది ఉంటారు. వీడియో కాల్ చేస్తే ఎనిమిది మందీ నీ చీరె రంగు చెబుతారు. ఆటలో గడులు పేర్చి కట్టిన ఆ ఊళ్ళో మాత్రం మీకు మీ ఇల్లు ఉంది, మక్కచేను ఉంది, మీ మాట మీరిద్దరే వింటారు. పెళ్ళయిన నాలుగు నెలలకే విమానం ఎక్కినవాడికి అంతకంటే ఏం ఇవ్వగలను చెప్పు? అందుకే కట్టాను ఆ ఊరు.

కంప్యూటర్ తెర మీద నల్లటి కిటికీ ఒకటి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అదే సర్వర్. దాన్ని మూశావంటే ఊరు మాయమవుతుంది, ఊళ్ళో ఉన్నవాళ్ళంతా బయట పడతారు. ఆపాల్సి వస్తే అందులో స్టాప్ అని కొట్టి, సేవ్ అయిందని చెప్పేదాకా ఆగు. అమ్మ బట్ట నేసే సాంచా బంద్ చేసినట్టు మెయిన్ గుంజితే నిన్న కట్టిన గోడ ఇవాళ ఉండదు. వారానికోసారి ఊరి ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. కొత్తవాళ్ళను రానివ్వాలంటే నల్ల కిటికీలో వాళ్ళ పేరు కొట్టాలి. అన్న పేరు ఎప్పుడైనా మళ్ళీ కొట్టాల్సి వస్తే ఏం చేస్తావో మరి! "మీ అన్న, మీ అన్న" అని తప్ప నోటితో గంగాప్రసాద్ అని పలికిన పాపాన పోలేదు నువ్వు.

ఇంకొక్కటి. మన సర్వర్ పేరు తప్ప ఇంకేమీ అడగదు. సెట్టింగుల ఫైల్లో ఆన్‌లైన్ మోడ్ అని ఒక లైను ఉంటుంది. దాని పక్కన ఫాల్స్ అని నేనే పెట్టాను. అది ట్రూ అయితే, ఆటను డబ్బు పెట్టి కొన్నవాళ్ళ ఖాతా సరిచూసి వాళ్ళనే లోపలికి పంపుతుంది. మనవాళ్ళలో కొన్నవాడెవడు? అందరివీ పెన్‌డ్రైవ్‌లో చేతులు మారిన కాపీలే. అందుకే పేరు చెబితే చాలు, వాకిలి తెరుచుకుంటుంది. సర్వర్ అడ్రసు మాత్రం బయటివాళ్ళకు ఇవ్వకు.

అన్నకు చెప్పు, ఆటలోనైనా తలుపు వేయడం నేర్చుకొమ్మని. ఇంట్లోనూ అంతే, అక్కడా అంతే. వెనకే ఎవరో మూసుకుంటూ రావాలి!

నీ ఆడబిడ్డ,
శ్రావణి


సిరిసిల్ల,
వినాయకచవితి వెళ్ళిన వారం.

శ్రావణీ,

నీ సర్వర్ నన్ను ఉద్యోగస్తురాలిని చేసింది. పొద్దున లేవగానే ముఖం కడగకముందే నల్ల కిటికీ చూస్తున్నాను. మొన్న కరెంటు పోయి ఇన్వర్టర్ కుయ్యోమంటుంటే నేను స్టాప్ కొట్టి, అది సేవ్ అయ్యేదాకా దేవుళ్ళందరినీ తలుచుకున్నాను. తెర మీదే కళ్ళు పెట్టి పిలిచినా పలక్కపోతే అత్తమ్మ వచ్చి భుజం తట్టింది. "ఏందే గట్ల వణుకుతున్నవ్? మిషినే గదా, మల్ల సాలైతది" అంది. ఆమెకేం తెలుసు!

ఇప్పుడు ఆమెకూ అలవాటైంది. సాయంత్రం బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని నా పక్కనే కూర్చుంటుంది. మీ అన్న బొమ్మ కనబడగానే "నా కొడుకు అచ్చిండు" అని బీడీలు చుట్టడం ఆపేస్తుంది. మేమేం మాట్లాడుకుంటామే ఆమె ఎదురుగా! మక్కజొన్న గింజలు వేస్తాం, పీకుతాం. అయినా ఆ గంట కోసం పొద్దంతా ఎదురుచూస్తాను. నీ దగ్గర సిగ్గెందుకు?

అయితే ఒక మాట. వారం నుంచి మీ అన్న రావడం లేదు. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. ఫోన్ పాడై ఉంటుందని అత్తమ్మకు చెప్పాను. నాకూ అదే చెప్పుకుంటున్నాను. ఆయన పేరు జాబితాలోంచి పోయిందేమోనని చూశాను, ఉంది. పోయి ఉంటే బాగుండు, తప్పు నాదే అనుకుని మళ్ళీ కొట్టేదాన్ని. పేరు కొట్టడానికి సిగ్గు కూడా పడేదాన్ని కాదు.

నువ్వు బెంగ పెట్టుకోకు. చదువుకో.

వర్ష


జగిత్యాల,
మంగళవారం.

వదినా,

రాజక్క బస్సుకు టైమైందని బయట తొందరపెడుతోంది. అందుకే నాలుగు ముక్కలే.

అన్నకు ఏమీ అయి ఉండదు. క్యాంపు మారిస్తే నెట్ ఉండదని ఇక్కడ ఒకమ్మాయి చెప్పింది, వాళ్ళ నాన్న కూడా అక్కడే ఉంటాడట. రోజూ సాయంత్రం ఎప్పటిలాగే ఆటలో కూర్చో. వస్తాడు. మాట్లాడకపోయినా తప్పు పట్టకు, నెట్ సరిగా లేకపోతే రాసింది ఇవతలికి చేరదు. అమ్మకు ఏమీ చెప్పకు. నాన్న పోయినప్పుడు ఆమె ఎలా అయిపోయిందో నీకు తెలియదు, నువ్వు అప్పటికి మన ఇంటికి రాలేదు. తొమ్మిది రోజులు అన్నం ముట్టలేదు.

నువ్వు తింటున్నావా?

శ్రావణి


సిరిసిల్ల,
బతుకమ్మకు ముందు, పెత్రమాస వారం.

శ్రావణీ,

నీ నోట్లో చక్కెర పొయ్యాలి. మీ అన్న వచ్చాడు!

నీ ఉత్తరం చేరిన మర్నాడే. సాయంత్రం నల్ల కిటికీలో ఆయన పేరు పడగానే నా చేతిలోని చాయ్ గ్లాసు జారిపోయింది. అత్తమ్మ దేవుని అర్రలోకి ఉరికింది, కొబ్బరికాయ కొట్టడానికి. అప్పటి నుంచి దాదాపు రోజూ వస్తున్నాడు. కానీ ఒక్క ముక్క మాట్లాడడు. "ఎట్లున్నవ్? ఫోనేమైంది?" అని నేనే రాస్తుంటాను. తల పైకీ కిందికీ ఊపుతాడు, అంతే. మన ఇంటి ముందు కాసేపు నిలబడతాడు, పెట్టెలో నా కోసం రొట్టెలు పెడతాడు, తలుపు వేసి వెళ్ళిపోతాడు. మీ అన్న తలుపు వేయడం చూసి "కూలి కైకిలి బతుకు బుద్ధి నేర్పింది గావచ్చు" అంది అత్తమ్మ. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఏదో పెద్ద కష్టంలో ఉండి చెప్పలేకపోతున్నాడని అనిపిస్తోంది.

దీని మీద ఇంకో దెబ్బ. మొన్న మధ్యాహ్నం రాజం చిన్నమామ పేరుతో ఎవడో వచ్చి మన మక్కచేనుకు నిప్పు పెట్టిపోయాడు. సగం చేను కాలిపోయింది. చిన్నమామకు ఫోన్ చేస్తే "నేను సాంచ మీద ఉన్న బిడ్డా, ఆట ముచ్చటే లేదు నాకు" అన్నాడు. అంటే అడ్రసు ఎక్కడో బయటపడింది. ఎవడైనా ఎవరి పేరైనా చెప్పి వచ్చెయ్యొచ్చు. హైదరాబాద్‌లో ఉన్న రాకేశ్ మరిది ఆ ఆన్‌లైన్ మోడ్ లైను ట్రూ చేసెయ్యమంటున్నాడు. అందరం ఆటను కొనుక్కుందాం, అన్నకు కూడా నేనే కొనిస్తా అన్నాడు. నాకూ అదే సరైందనిపిస్తోంది. వచ్చేది ఎవరో తెలియకుండా వాకిలి తీసిపెట్టుకుని ఎలా పడుకుంటాం?

నువ్వు ఊఁ అంటే రేపే మారుస్తాను.

వర్ష


జగిత్యాల,
బతుకమ్మ మొదలైన మర్నాడు.

వదినా,

ఆ లైను ముట్టుకోకు.

నీకు దండం పెడతాను, ముట్టుకోకు. ట్రూ చేస్తే పాత పేర్లన్నీ కొత్త మనుషుల కింద లెక్క. ఎవరి పెట్టెలో సామాను వాళ్ళకు కనబడకపోవచ్చు. అన్న పాత ఫోన్లో కొత్త ఖాతా తెరుచుకోకపోవచ్చు. రాకేశ్‌కు అన్నీ తెలిసినట్టే ఉంటుంది. వాడికి చెప్పు, సర్వర్ కట్టింది నేను అని. కాలిన చేను మళ్ళీ వేసుకోవచ్చు. చిన్నమామ పేరు జాబితాలోంచి తీసెయ్యి, అడ్రసు చివరి అంకె మార్చి మనవాళ్ళకే చెప్పు. అన్నకు నువ్వు చెప్పనక్కరలేదు, అంటే, ఆటలోనే చెప్పు, చూసుకుంటాడు.

ఇలా అరిచినట్టు రాస్తున్నందుకు ఏమనుకోకు. చదువు బుర్రకెక్కడం లేదు. ఇక్కడ బతుకమ్మ ఆడుతుంటే కిటికీలోంచి చూసి వచ్చేశాను. గునుగు పువ్వు చూస్తే నువ్వే గుర్తొచ్చావు.

శ్రావణి


సిరిసిల్ల,
దసరా తెల్లారి.

శ్రావణికి,

నిన్న సాంచాలన్నీ బంద్ పెట్టి కడిగి బొట్లు పెట్టాం. అత్తమ్మ కంప్యూటర్ దగ్గరికి కూడా వచ్చింది. "ఏడాదంత తిరిగె మిషినికి గియ్యాల్ల ఒక్కపూట ఇరాం ఇయ్యాలె బిడ్డా. ఇది మాత్రం మిషిని గాదా?" అని మెయిన్ మీద చెయ్యి వేసింది. సాయంత్రం ఆయన వస్తాడని బతిమాలుకున్నాను. సరేనని పసుపు కుంకుమ పెట్టి, పూలు వేసి, ఆపకుండా వదిలేసింది.

సాయంత్రం వచ్చాడు. అత్తమ్మ నా పక్కనే ఉంది. ఆటలో ఒక చెట్టు ఆకులు కోసి తెచ్చి నా ముందు వేశాడు. జమ్మి ఆకులనుకుని తీసుకోవాలన్నమాట. "సూసినవా, జమ్మి బంగారం వెట్టిండు" అని అత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. నా కళ్ళు కూడా నిండాయి. ఆ తర్వాత ఆ బొమ్మ ఒక పని చేసింది. నా ముందు నడుము వంచి, కాళ్ళ దగ్గరికి తల వంచింది.

అత్తమ్మ చీకట్లో చూపు ఆనక గమనించలేదు. నేను గమనించాను.

పెండ్లాం చేతిలో జమ్మి పెట్టి కాళ్ళు మొక్కే మొగుడు సిరిసిల్లలో ఇంకా పుట్టలేదు, శ్రావణీ. పెద్దవాళ్ళకు జమ్మి పెట్టగానే నడుము దానంతట అదే వంగేది చిన్నవాళ్ళకు. కిందటేడు దసరాకు మన వాకిట్లో నా కాళ్ళు అలా మొక్కింది ఒక్కరే. తలుపు మూసుకుంటూ వచ్చేదీ ఆమే.

ఆ రొట్టెలు, ఆ తల ఊపడం, అంతా నువ్వే. నేను నీతో ఏమేం చెప్పుకున్నానో తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది. మొగుడనుకుని రాసిన మాటలు! ఒక ఆడది ఇంకో ఆడదానితో ఆడే ఆటేనా ఇది? పొద్దుటి నుంచి ఆ సెట్టింగుల ఫైలు తెరిచే ఉంచాను. ఫాల్స్ తీసి ట్రూ అని కొడితే నువ్వు ఇక రాలేవు.

నేను మా తల్లిగారింటికి కోరుట్ల పోతున్నాను. మీ అన్న ఎక్కడున్నాడో నీకు తెలుసు. తెలుసు కాబట్టే ఈ వేషం వేశావు. అక్కడికి రాయి. అబద్ధమైతే రాయకు.

వర్ష


జగిత్యాల,
పోస్టులో, కోరుట్లకు.

వదినా,

తెలుసు.

వినాయకచవితి తర్వాత మీ కోరుట్ల కనకవ్వ కళ్ళ డాక్టరు దగ్గరికని జగిత్యాల వచ్చి, నన్ను చూడటానికి హాస్టల్‌కు వచ్చింది. ఆమె కొడుకు శ్రీహరి అక్కడ అన్న పక్క మంచమే. అన్న కంపెనీ వదిలేశాడట. కాగితాలు లేని కల్లివెల్లి అయి బయట దొంగచాటుగా పని చేసుకుంటున్నాడట. పోలీసులు చెకింగ్‌లో పట్టుకుపోయారు. ఫోన్ తీసేసుకున్నారు. ఎక్కడ పెట్టారో, ఎప్పుడు పంపుతారో శ్రీహరికి కూడా తెలియదు. "మీ అవ్వకు చెప్పకు బిడ్డా, గుండె ఆగుతది" అని చేతిలో చెయ్యి వేయించుకుని వెళ్ళింది.

ఇక్కడ సాయంత్రం ల్యాబ్‌లో కంప్యూటర్ మీద పరీక్షలు రాయిస్తారు. చివరి వరసలో కూర్చుని ఆట తెరిచేదాన్ని. నీకు ఉత్తరం రాసినప్పుడే అనుకున్నాను, ఒక్కసారి అన్నలా కనబడి నీ భయం పోగొట్టి వచ్చేద్దామని. మర్నాడు అన్న పేరు కొట్టాను. నువ్వు నిజంగానే ఇంటి ముందు కూర్చుని ఉన్నావు. నన్ను చూసి పరుగెత్తుకొచ్చావు. ఆ తర్వాత రాకుండా ఉండలేకపోయాను. నువ్వు రాసిన మాటలు చదవలేదని చెప్పను. చదివి ఏడ్చాను. వాటిని ఎక్కడా చెప్పను, అన్నకు కూడా.

ఆ లైను నీ ఇష్టం. మార్చెయ్యి.

శ్రావణి


కోరుట్ల,
దీపావళికి ముందు.

శ్రావణీ,

నీ ఉత్తరం చదివి ఒక పూట నీ మీద కోపంగానే ఉన్నాను. రెండో పూట కనకవ్వ దగ్గరికి వెళ్ళాను. ఆమె నన్ను చూడగానే ఏడ్చింది. నువ్వు రాసిందంతా నిజమే.

ఇప్పుడు నా వంతు. మీ అన్న కంపెనీ వదిలిన సంగతి నాకు బోనాలప్పుడే తెలుసు. జీతాలు ఇవ్వక, పాస్‌పోర్టు ఇవ్వక సతాయిస్తుంటే బయటపడ్డాడు. ఆ గడుల ఇంట్లోనే చెప్పాడు. "శ్రావణికి చెప్పకు, పరీక్ష పాడు చేసుకుంటది" అన్నాడు. నేను నీ దగ్గర దాచాను, నువ్వు నా దగ్గర దాచావు. ఫోన్ ఆగిన రోజు నుంచీ నాకున్న భయం ఇదే. అందుకే ఆ పేరు కనబడగానే అంత గుడ్డిగా నమ్మాను. నమ్మకపోతే ఏమవుతుందో ఊహించుకోలేక.

ఆ లైను మార్చలేదు. సిరిసిల్లలో బస్సెక్కే ముందు ట్రూ అని కొట్టాను కూడా. సేవ్ చేయబోతూ ఆగిపోయాను. అక్కడ ఎవరో ఒకరి ఫోన్ ఆయన చేతికి వస్తే? నా నెంబరు ఆయనకు నోటికి రాదు, నాది మార్చి మూడు నెలలే అయింది. మన ఇంట్లో ఎవరి నెంబరైనా ఎవరికి నోటికొచ్చు? వాడ అడ్రసు మాత్రం వచ్చు, పేరు పెట్టిందే ఆయన. వేరేవాళ్ళ ఫోన్లో ఖాతా ఏముంటుంది, పేరు తప్ప? అడ్రసు కూడా పాతదే మళ్ళీ పెట్టేశాను. ఇంకోసారి చేను కాలిపోతే కాలిపోనీ.

నువ్వు రావడం మానకు. ఇది బతిమాలి అడుగుతున్నాను. నేను లేని ఇన్ని రోజులూ అత్తమ్మ ఒక్కతే కంప్యూటర్ ముందు కూర్చుని "పోరడు రాలే, పోరడు రాలే" అని ఫోన్ చేస్తోంది. రేపు నేనూ సిరిసిల్ల పోతున్నాను. ఆమె కోసం రా. ఈసారి నేను ఏ మాటా రాయను. మొక్కకు. తలుపు తెరిచే పోవడం నేర్చుకో.

మీ వదిన,
వర్ష


జగిత్యాల,
పండుగ బేరానికని ఈ వారం ఇంకోసారి వచ్చిన రాజక్క చేతికి, తొందరగా.

వదినా,

నిన్న సాయంత్రం ఏం జరిగిందో నువ్వు చూశావా? నేను అన్న పేరుతో చేను దగ్గర ఉన్నాను. నువ్వు కాలిన చోట గింజలు వేస్తున్నావు. ఉన్నట్టుండి ఆట నన్ను బయటికి తోసేసింది. తెర మీద "మీరు మరో చోటి నుంచి లాగిన్ అయ్యారు" అని వచ్చింది.

నేను ఎక్కడి నుంచీ లాగిన్ కాలేదు. ఒక పేరుతో ఇద్దరు ఉండటం కుదరదు. రెండోవాడు వస్తే మొదటివాడిని సర్వర్ బయటికి నెట్టేస్తుంది. ఎవడో అన్న పేరుతో వచ్చాడు. మళ్ళీ లోపలికి వెళ్ళి వాడిని నెట్టేద్దామని పేరు కొట్టాను. ఎంటర్ మీద వేలు పెట్టి, నొక్కలేకపోయాను. చేను కాల్చినవాడే అయితే నెట్టెయ్యాలి. వాడు కాకపోతే? ల్యాబ్ సార్ వచ్చి తెర చూసి కంప్యూటర్ కట్టేశాడు. వార్డెన్‌కు చెప్పాడు. ఆదివారం ఫోన్ కూడా లేదు నాకు.

ఎవరది వదినా? రాకేశా? నువ్వు ఎవరినైనా కూర్చోబెట్టావా? వాడు ఏం చేశాడు? మంగళవారం దాకా ఎలా ఉండాలి నేను?

శ్రావణి


సిరిసిల్ల,
సోమవారం.

శ్రావణీ,

రాజక్క నీ ఉత్తరం తేగానే, రేపు ఆమె బస్సుకు అందించాలని కూర్చుని రాస్తున్నాను.

నీ బొమ్మ నా ముందు నుంచి మాయమైంది. వెంటనే అదే చోట మళ్ళీ నిలబడింది. నువ్వే పడి లేచావనుకున్నాను. కానీ ఆ బొమ్మ కదలలేదు. నా వైపు చూసింది, చేను వైపు చూసింది. నిప్పు పెట్టినవాడేనని నల్ల కిటికీలో ఆ పేరు కొట్టి బయటికి పంపబోయాను. మొగుని పేరు మొదటిసారి నా చేత్తో కొడుతున్నాను, సగం అక్షరాలు తప్పులు. తప్పు దిద్దుకునే లోపు ఆటలో మాట వచ్చింది. ఇన్ని రోజుల తర్వాత ఆ పేరు పక్కన మొదటి మాట.

"మక్క ఎవడు కాలవెట్టిండు?"

నేను పేరు కొట్టడం ఆపేశాను. ఇంకో మాట వచ్చింది.

"వర్షా, నేనే. ఫోన్ నాది గాదు. వదిలిపెట్టిండ్రు. ఔట్‌పాస్ ఇచ్చి ఇంటికి పంపుతరట. అవ్వకు జెప్పు."

అత్తమ్మకు చదువు రాదు కదా. "ఏందే, ఏమంటుండు?" అని నా చెయ్యి పట్టి ఊపేస్తోంది. ఏడుపు ఆపుకుని చదివి వినిపించాను. ఆమె ఏడవలేదు. "గట్లనా. తిన్నడా అడుగు" అంది. అడిగాను. తిన్నాడట. నా కొత్త నెంబరు రాసి పంపాను. ఫోన్ ఇచ్చినవాడు డ్యూటీకి పోవాలంటున్నాడని చెప్పి, ఇంట్లోకి పోయి పెట్టె తెరిచి చూశాడు. అన్ని రొట్టెలెక్కడివని అడిగాడు. మీ చెల్లె పెట్టిందని చెప్పాను. ఒక రొట్టె తీసుకుని తినుకుంటూ బయటికి వచ్చి, అట్లాగే మాయమైపోయాడు.

తలుపు బార్లా తెరిచి ఉంది.

నేను అలవాటు కొద్దీ దాన్ని మూయబోతే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్ బిడ్డా. మల్ల అస్తడు గద."

వర్ష